ముగ్గురు నిపుణులు మూడు మాటలు చెబుతుంటే నా డబ్బును ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. మీ పొదుపులో ఎక్కువ భాగం షేర్ల ఫండ్లలో, కొంత బాండ్ల ఫండ్లలో ఉంది (బాండ్ అంటే ప్రభుత్వానికో కంపెనీకో మనం ఇచ్చే అప్పు). మూడేళ్లలో పిల్లల చదువుకు కొంత డబ్బు కావాలి. మిగతాదంతా రిటైర్మెంట్ కోసం, దానికి ఇంకా 18 ఏళ్లు ఉంది. ఈమధ్య ఒక ఆర్థికవేత్త మాంద్యం వస్తోందన్నారు, ఒక ఫండ్ మేనేజర్ షేర్లు ఇంకా పెరుగుతాయన్నారు, మూడో ఆయన అన్నీ అమ్మి బంగారం కొనమన్నారు. ముగ్గురికీ మంచి పేరుంది, ముగ్గురి వాదనా వింటుంటే సబబుగానే అనిపిస్తోంది. ఎవరి మాట వినాలి, అన్నీ అమ్మేసి నగదు పట్టుకుని కూర్చోవాలా అని అడిగారు. ఈ టెన్షన్‌తో సరిగా నిద్ర పట్టడం లేదని కూడా రాశారు.

నేను చాలా ఏళ్లు బాండ్ల డెస్క్‌లో పనిచేశాను, తర్వాత ఒక పెన్షన్ నిధి పెట్టుబడుల కమిటీలో ఉన్నాను. ఇలాంటి అంచనాలు తయారు చేసేవాళ్ల పక్కనా కూర్చున్నాను, వాటిని చదివి డబ్బు పెట్టేవాళ్ల పక్కనా కూర్చున్నాను. అందుకే సూటిగా చెబుతున్నాను. ఆ ముగ్గురిలో ఎవరు కరెక్టో తేల్చుకోవాల్సిన పని మీకు లేదు. వాళ్ల దగ్గర మీరు నేర్చుకోదగ్గది చాలా ఉంది, కానీ మీ డబ్బు ఎక్కడ ఉండాలో తేల్చేది ఆ డబ్బు మీకు ఎప్పుడు కావాలన్న తేదీ. ఆ తేదీలు మీరే రాశారు, ఒకటి మూడేళ్లు, ఒకటి 18 ఏళ్లు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు నిపుణుల మాటల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది.

మాంద్యం వస్తే షేర్లు పడతాయి, కాబట్టి మాంద్యం వస్తుందని తెలిసిన వెంటనే అమ్మేయాలి. వినడానికి ఇది చాలా సహజంగా ఉంటుంది. కానీ మార్కెట్ ఇవాళ్టి ఆర్థిక పరిస్థితిని చూసి ధర కట్టదు. రాబోయే ఏడాది, రెండేళ్లు, ఆ పైన కంపెనీలకు ఎంత లాభం వస్తుందని కోట్ల మంది అనుకుంటున్నారో దాన్నిబట్టి కడుతుంది. ఇవాళ మీరు విన్న మాంద్యం భయం నిన్నటి ధరలోనే చాలావరకు కలిసిపోయి ఉంటుంది. రేపు ధర మారాలంటే వచ్చే వార్త చెడ్డదైతే చాలదు, అందరూ అనుకున్నదానికంటే చెడ్డదై ఉండాలి. మాంద్యం వచ్చినా, భయపడినంత లేకపోతే షేర్లు పెరుగుతాయి. లాభాలు పెరిగినా, ఆశించినంత లేకపోతే పడతాయి.

2020లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 దాకా అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 సుమారు 34 శాతం పడింది. మార్చి 23న అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అవసరమైనంత మేరకు బాండ్లు కొంటానని ప్రకటించింది. ఆ రోజే సూచీ అడుగు తాకింది. అప్పటికి అసలు చెడ్డ అంకెలు ఇంకా రానేలేదు. ఏప్రిల్‌లో అక్కడ నిరుద్యోగం 14 శాతం దాటింది, రెండో త్రైమాసికంలో ఉత్పత్తి మునుపెన్నడూ లేనంతగా కుంగింది. ఆ అంకెలు బయటికొస్తున్నంతసేపూ షేర్లు పైకే నడిచాయి, ఆగస్టుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేశాయి. 2009లోనూ ఇదే వరస. సూచీ మార్చి 9న అడుగు తాకింది, మాంద్యం జూన్‌లో ముగిసింది, నిరుద్యోగం 10 శాతానికి చేరింది అక్టోబర్‌లో. ఆ అక్టోబర్ నాటికి సూచీ అడుగు నుంచి 50 శాతానికి పైగా లేచి ఉంది. పరిస్థితి కుదుటపడ్డాక కొందామని ఆగినవాళ్లకు ఆ 50 శాతం దక్కలేదు.

ఒకటి రెండేళ్లలో కాకపోయినా, దీర్ఘకాలంలో దేశం ఎదుగుతుంటే షేర్లు కూడా ఎదగాలి కదా అంటారు. అదీ అంత సూటిగా జరగదు. షాంఘై కాంపోజిట్ సూచీ 2007 అక్టోబర్‌లో 6,100 దాటింది. ఆ తర్వాత 2023 నాటికి చైనా ఆర్థిక వ్యవస్థ డాలర్లలో లెక్కిస్తే దాదాపు ఐదింతలైంది. అయినా 2024లో సూచీ ఆ గరిష్ఠంలో సగానికి కాస్త అటూఇటూగానే తిరిగింది. 2007లో ధరలు లాభాలతో పొంతన లేని ఎత్తుకు చేరాయన్నది ఒక కారణం. కంపెనీలు ఏళ్ల తరబడి కొత్త షేర్లు జారీ చేస్తూ పోవడంతో పాత వాటాదారుడి వంతు పలచబడటం ఇంకో కారణం. దేశం సంపాదించినదంతా వాటాదారుడి జేబులోకి రాదు. కొంత ఉద్యోగుల జీతాల్లోకి, కొంత తక్కువ ధరల రూపంలో కొనుగోలుదారులకు, కొంత ప్రభుత్వానికి పోతుంది. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబర్‌లో 38,915 దగ్గర ముగిసింది, ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో 34 ఏళ్లు. ఆ 34 ఏళ్లలో జపాన్ ప్రపంచంలోని అతి పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటిగానే ఉంది.

కాబట్టి మీ ఆర్థికవేత్త మాంద్యం గురించి, మీ ఫండ్ మేనేజర్ షేర్ల గురించి చెప్పినవి పరస్పర విరుద్ధాలని నేననుకోను. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఇక అంచనాల ఖచ్చితత్వం. ఫెడరల్ రిజర్వ్ 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీ రేటును 2023 జులై నాటికి 5.25–5.50 శాతానికి తీసుకెళ్లింది. 2022 జులై నుంచి అక్కడ రెండేళ్ల బాండ్ల రాబడి పదేళ్ల బాండ్ల రాబడిని మించిపోయింది. దీన్నే మార్కెట్‌లో ఈల్డ్ కర్వ్ తలకిందులైంది అంటారు. అంతకుముందు దశాబ్దాల్లో ఇలా జరిగిన ప్రతిసారీ కొంతకాలానికి మాంద్యం వచ్చింది. 2022 అక్టోబర్‌లో ఆర్థిక వార్తా సంస్థ బ్లూమ్‌బర్గ్‌కు చెందిన బ్లూమ్‌బర్గ్ ఎకనామిక్స్ మోడల్ ఏడాదిలోగా మాంద్యం వచ్చే అవకాశం 100 శాతమని చూపింది. తర్వాత జరిగింది చూస్తే, 2023లో అమెరికా ఆర్థిక వ్యవస్థ 2.5 శాతానికి పైగా పెరిగింది, ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లతో కలిపి సుమారు 26 శాతం రాబడి ఇచ్చింది. తలకిందులైన కర్వ్ రెండేళ్లకు పైగా అలాగే ఉండి 2024లో మామూలు స్థితికి వచ్చింది. అప్పటికీ మాంద్యం రాలేదు.

ఆ అంచనా వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లని ఎవరూ అనలేరు. వడ్డీ రేట్లు పెరిగితే అప్పులు భారమై ఖర్చులు తగ్గుతాయన్న వాళ్ల తర్కం సరైనదే. అయితే అమెరికాలో గృహ రుణాల్లో చాలావరకు 30 ఏళ్ల స్థిర వడ్డీవి. తక్కువ వడ్డీ రోజుల్లో అప్పు తీసుకున్న కుటుంబానికి రేటు పెరిగినా వాయిదా పెరగలేదు. కోవిడ్ కాలంలో దాచుకున్న డబ్బు ఇంకా ఖాతాల్లో ఉంది. ప్రభుత్వం ఖర్చు చేస్తూనే ఉంది. కారణం నుంచి ఫలితం దాకా వెళ్లే దారి ఈసారి మామూలుకంటే చాలా పొడవైంది. మోడల్‌కు గతం తెలుసు, ఈసారి దారి పొడవెంతో తెలియదు.

అంచనా నిజమైనా అది మీకు పనికొచ్చే సమయానికి నిజం కావాలి. 1996 డిసెంబర్ 5న అప్పటి ఫెడరల్ రిజర్వ్ చైర్మన్ అలన్ గ్రీన్‌స్పాన్ షేర్లలో హేతువుకు అందని ఉత్సాహం కనిపిస్తోందేమో అన్న అర్థంలో మాట్లాడారు. మర్నాడు ప్రపంచ మార్కెట్లు ఉలిక్కిపడ్డాయి. ఆ రోజు టెక్నాలజీ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 1,300 దగ్గర ఉంది. 2000 మార్చి 10 నాటికి 5,048కి చేరింది. అక్కడి నుంచి 78 శాతం పడి 2002 అక్టోబర్‌లో 1,114 దగ్గర ఆగింది, అంటే ఆయన హెచ్చరించిన రోజుకంటే కిందికి. మరి ఆయన హెచ్చరిక నిజమైనట్టా కాదా? ఆరేళ్ల లెక్కన నిజమైంది. కానీ ఆ మాట విని 1996లో అమ్మేసిన మనిషి మూడేళ్లకు పైగా తన చుట్టూ అందరి డబ్బూ మూడు నాలుగింతలు కావడం చూస్తూ ఉండాలి. అలా ఉండగలిగిన మనుషులు చాలా తక్కువ. 1999లో ఇక ఆగలేక మళ్లీ కొన్నవాళ్లకు హెచ్చరిక ముందే విన్నా ఉపయోగం లేకపోయింది.

మీరు అన్నీ అమ్మేయాలనుకుంటున్నారు కాబట్టి ఒక లెక్క చేసి చూపిస్తాను. అది ఫలించాలంటే నాలుగు సరిపోవాలి. మాంద్యం రావాలి. వచ్చినప్పుడు షేర్లు నిజంగా పడాలి, అంటే ఆ భయం ఇప్పటికే ధరలో కలిసి ఉండకూడదు. మీరు అమ్మిన తర్వాత ఇంకా బాగా పెరిగిపోకముందే పడాలి. చివరగా, అందరూ భయంతో వణుకుతున్న రోజుల్లో మీరు ధైర్యంగా తిరిగి కొనాలి. ఒక్కోదానికి 70 శాతం అవకాశం ఇద్దాం, అది చాలా ఉదారమైన అంకె. మూడు కలిసి వచ్చే అవకాశం 34 శాతం. నాలుగూ కలిసి వచ్చేది 24 శాతం. ఇవి పూర్తిగా వేర్వేరు సంగతులు కావు కాబట్టి అసలు లెక్క కాస్త అటూఇటూ అవుతుంది. అయినా ప్రతి మెట్టులోనూ మంచి నిపుణుడు వెంట ఉన్నా చివరికి మీకు దక్కేది ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. నాలుగింట్లో కష్టమైనది నాలుగోదే. అమ్మినవాళ్లలో సరైన సమయానికి తిరిగి వచ్చినవాళ్లను నేను నా ఉద్యోగ జీవితంలో చాలా అరుదుగా చూశాను.

ఈ అంచనాలు ఎలా తయారవుతాయో కూడా తెలుసుకోండి. ఏడాది చివర్లో ప్రతి పెద్ద సంస్థా వచ్చే ఏడాది సూచీ ఎక్కడుంటుందో ఒక అంకె ఇవ్వాలి. ఇవ్వనంటే ఒప్పుకోరు, ఖాతాదారులు అడుగుతారు. అంకె ఇచ్చే వ్యక్తికి ఒక భయం ఉంటుంది. అందరితో కలిసి తప్పితే ఉద్యోగం పోదు, ఒంటరిగా తప్పితే పోవచ్చు. అందుకే చాలా అంకెలు ఒకచోట గుంపుగా, ఇప్పుడున్న స్థాయికి కాస్త పైన కనిపిస్తాయి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారి పట్టేవాళ్లూ ఉంటారు. పేరు ఇంకా రాని మనిషి పెద్ద పతనం వస్తుందని గట్టిగా చెబుతాడు. నిజమైతే పదేళ్లు ఆ పేరుతో బతకొచ్చు, కాకపోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల జీతం, పేరు దేనిమీద ఆధారపడి ఉన్నాయో వాళ్ల అంకె కొంత అటు ఒరుగుతుంది, అంతే.

ఫిలిప్ టెట్‌లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిమీద రెండు దశాబ్దాలు పనిచేశారు. 284 మంది నిపుణుల దగ్గర 80 వేలకు పైగా అంచనాలు సేకరించి, జరిగినవాటితో పోల్చారు. మొత్తంమీద ఫలితాలు చాలా సాదాసీదాగా వచ్చాయి. అందులో నాకు బాగా పనికొచ్చిన సంగతి వేరు. ఒకే పెద్ద సిద్ధాంతంతో ప్రపంచమంతటినీ వివరించేవాళ్లకంటే, నాలుగు వైపుల నుంచి చూసి, కొత్త సమాచారం వస్తే అంచనాను కొద్దికొద్దిగా మార్చుకునేవాళ్లు మెరుగ్గా ఉన్నారు. మీడియాలో ఎక్కువగా కనిపించేవాళ్లు మాత్రం కాస్త వెనకబడ్డారు. సందేహపడుతూ మాట్లాడే మనిషిని ఎవరూ చర్చకు పిలవరు కదా, అందుకే మనకు వినిపించే గొంతుల్లో ఎక్కువ భాగం ఒకే సిద్ధాంతం పట్టుకున్నవాళ్లవే.

అలాగని నిపుణులను వినడం మానేయమనడం లేదు, అది ఇంకా పెద్ద నష్టం. ఏం జరుగుతుందో వాళ్లు చెప్పలేకపోవచ్చు గానీ, ఒకటి జరిగితే దాని వెంట ఏం కదులుతుందో బాగా చెప్పగలరు. నేను పనిచేసిన బాండ్ల రంగం నుంచే తీసుకుందాం. బాండ్ ఇచ్చే వడ్డీ ముందే ఖరారై ఉంటుంది. మార్కెట్‌లో వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ తక్కువ వడ్డీదిగా మిగిలిపోతుంది, కాబట్టి దాని ధర తగ్గాలి. ఎంత తగ్గుతుందో చెప్పే కొలతకు డ్యూరేషన్ అని పేరు. డ్యూరేషన్ 8 ఏళ్లు అంటే రేటు 1 శాతం పెరిగితే ధర సుమారు 8 శాతం పడుతుంది. డ్యూరేషన్ 2 అయితే 2 శాతం. రేట్లు పెరుగుతాయా తగ్గుతాయా అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ పెరిగితే మీ ఫండ్‌కు ఎంత దెబ్బో ముందే లెక్క కట్టొచ్చు. మీ ఫండ్ నెలవారీ వివరాల పత్రంలో ఆ అంకె ఉంటుంది. బాండ్ల ఫండ్ సురక్షితమే కదా అని నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ మొదట ఆ అంకె చూసి రమ్మని చెబుతాను.

2022 ఈ పాఠాన్ని చాలామందికి కష్టంగా నేర్పింది. ఆ ఏడాది ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లతో కలిపినా 18 శాతం పడింది, అమెరికా బాండ్ల ప్రధాన సూచీ కూడా సుమారు 13 శాతం పడింది. షేర్లు పడితే బాండ్లు కాపాడతాయని అనుకున్నవాళ్లు రెండు వైపులా నష్టపోయారు. ఆ రక్షణ ఎప్పుడు పనిచేస్తుందో అర్థం చేసుకుంటే ఇది వింతగా అనిపించదు. దెబ్బ గిరాకీ తగ్గడం వల్ల వస్తే కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గిస్తుంది, బాండ్ల ధర పెరుగుతుంది. 2008లో అదే జరిగింది. దెబ్బ ద్రవ్యోల్బణం వల్ల వస్తే కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచాల్సి వస్తుంది, అప్పుడు షేర్లూ బాండ్లూ కలిసి పడతాయి. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతం. పైగా రాబడులు అంతకుముందు బాగా తక్కువగా ఉండటంతో, పడే ధరను కాస్తయినా పూడ్చేంత వడ్డీ కూడా ఆ బాండ్లలో లేదు. ఆర్థికవేత్త మాట వినేటప్పుడు మాంద్యం వస్తుందా అని అడగడం కంటే, వస్తే గిరాకీ వైపు నుంచి వస్తుందా ధరల వైపు నుంచి వస్తుందా అని అడిగితే మీకు ఎక్కువ ఉపయోగం.

డబ్బు ఎప్పుడు కావాలన్న తేదీయే ముఖ్యమని మొదట చెప్పాను. దాన్ని 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కుప్పకూలిన ఉదంతం చూపించినంత స్పష్టంగా ఇంకేదీ చూపించలేదు. ఆ బ్యాంకు కొన్నవి చాలావరకు అమెరికా ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వ హామీ ఉన్న గృహ రుణాల బాండ్లు. వాటిలో ఎగవేత భయం లేదు. గడువు దాకా ఉంచుకుంటే అసలు మొత్తం తిరిగి వచ్చేది. కానీ గడువు ఏళ్ల దూరంలో ఉంది, డిపాజిటర్లు మాత్రం డబ్బు ఆ రోజే అడిగారు. రేట్లు పెరిగి బాండ్ల ధర తగ్గిన సమయంలో అమ్మాల్సి రావడంతో కాగితం మీద ఉన్న నష్టం నిజమైన నష్టంగా మారింది. మంచి ఆస్తి కూడా తప్పు తేదీకి కొంటే మనిషిని ముంచుతుంది. బ్యాంకుకు జరిగింది కుటుంబానికీ జరగొచ్చు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మూడేళ్లలో చదువుకు కావాల్సిన డబ్బు షేర్లలో ఉంటే, దాన్ని బయటికి తీయండి. ఈ మాట చెప్పడానికి నాకు మాంద్యం అంచనా అక్కర్లేదు, షేర్లు రేపు పెరుగుతాయని తెలిసినా ఇదే చెప్పేవాణ్ణి. షేర్లు పడి కోలుకోవడానికి ఒక్కోసారి ఐదు నెలలు పడుతుంది, ఒక్కోసారి పదేళ్లు దాటుతుంది. 2000 మార్చిలో నాస్‌డాక్ చూసిన స్థాయి తిరిగి వచ్చింది 2015లో. కాలేజీ ఫీజు గడువు అన్నాళ్లు ఆగదు. ఆ డబ్బు గడువుకు సరిపోయే డిపాజిట్లలో, డ్యూరేషన్ రెండు మూడేళ్లకు మించని నాణ్యమైన బాండ్లలో ఉండాలి. దానిమీద రాబడి తక్కువ వస్తుంది, రానివ్వండి. ఆ డబ్బు పని పెరగడం కాదు, ఆ రోజున ఉండటం.

18 ఏళ్ల తర్వాత కావాల్సిన డబ్బు మాత్రం నగదులో పెడితే నష్టపోతుంది. ద్రవ్యోల్బణం ఏటా 5 శాతం ఉంటే 18 ఏళ్లలో డబ్బు కొనుగోలు శక్తి సగం కంటే ఎక్కువే కరిగిపోతుంది. ఇందులో మార్కెట్ పతనంలా ఒక్కరోజు హెడ్‌లైన్ ఉండదు కాబట్టి ఎవరికీ భయం వేయదు. ఈ భాగంలో షేర్లదే పెద్ద వాటా కావాలి, అదీ ఒకే దేశానికి, ఒకే రంగానికి పరిమితం కాకుండా. జపాన్ మదుపరుల 34 ఏళ్లు గుర్తున్నాయి కదా, ఆ కాలంలో మిగతా ప్రపంచం షేర్లు కూడా కొనిపెట్టుకున్న జపాన్ మదుపరి అంత కాలం ఎదురుచూడాల్సి రాలేదు.

షేర్ల వాటా ఎంత ఉండాలన్నది ఒక్కసారి నిర్ణయించుకుని కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 60 శాతం షేర్లు, 40 శాతం బాండ్లు అనుకుందాం. మీ దగ్గర 100 ఉంటే 60, 40. షేర్లు 30 శాతం పడ్డాయి, బాండ్లు కదల్లేదు. ఇప్పుడు షేర్లు 42, బాండ్లు 40, మొత్తం 82. షేర్ల వాటా 51 శాతానికి తగ్గింది. రాసుకున్న 60 శాతానికి తేవాలంటే బాండ్లలోంచి 7.2 తీసి షేర్లలో వేయాలి. దీనికి రీబ్యాలెన్సింగ్ అని పేరు. ఇందులో ఎవరి అంచనా లేదు. అయినా ధర పడినప్పుడు కొనిపిస్తుంది, బాగా పెరిగినప్పుడు కొంత అమ్మిస్తుంది. పెన్షన్ నిధిలో మేం 2008 చివర్లో ఇదే చేశాం. కమిటీలో ఒక్కరికీ చేయాలని లేదు. ముందే రాసి సంతకాలు పెట్టిన నియమం ఉంది కాబట్టే చేశాం. అలాంటి రోజుల్లో మనిషి తెలివి మీద కంటే ముందు రాసుకున్న కాగితం మీద నాకు నమ్మకం ఎక్కువ. ఏడాదికి ఒకసారి, లేదా వాటా ఐదు శాతం పాయింట్లకు మించి పక్కకు జరిగినప్పుడు చేస్తే చాలు.

మీ ఫండ్ మేనేజర్ విషయంలో ఒకటి అడగాలి, ఫీజు ఎంత? 30 ఏళ్ల పాటు ఏటా 7 శాతం వచ్చే పెట్టుబడిలో 100 పెట్టి 0.2 శాతం ఫీజు కడితే చివరికి 720 దగ్గర ఉంటుంది. ఫీజు 1.5 శాతమైతే 498. అదే మార్కెట్, అదే నష్టభయం, తేడా అంతా ఫీజుదే. పేరున్న అమెరికా మదుపరి వారెన్ బఫెట్ 2008 నుంచి 2017 చివరి దాకా పదేళ్ల పందెం కాశారు. ఒక పక్క ఎస్ అండ్ పీ 500 సూచీలోని షేర్లనే కొని ఉంచుకునే ఇండెక్స్ ఫండ్, ఇంకో పక్క హెడ్జ్ ఫండ్లను (సంపన్నుల కోసం ఎక్కువ ఫీజుతో చురుగ్గా నడిపే ఫండ్లను) ఏరికోరి కొనే ఐదు నిధులు. ఇండెక్స్ ఫండ్ మొత్తం 126 శాతం దగ్గర పెరిగింది, ఐదింట్లో బాగా చేసిన నిధి 88 శాతం దగ్గర ఆగింది, మిగతావి ఇంకా వెనక. ఆ నిధుల్లో రెండు అంచెల ఫీజులు ఉన్నాయి. ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లోనే దీని వెనక ఉన్న లెక్క చెప్పారు. మార్కెట్‌ను మించాలని చూసేవాళ్లందరి సగటు రాబడి, ఫీజులకు ముందు, మార్కెట్ రాబడితో సమానం. ఇండెక్స్ ఫండ్లకు వచ్చేది మార్కెట్ రాబడే, కాబట్టి మిగిలిన వీళ్ల సగటూ అదే కావాలి. ఫీజులు తీసేస్తే సగటున వెనకబడక తప్పదు. మంచి మేనేజర్లు లేరని దీనర్థం కాదు, ముందుగా గుర్తుపట్టడం కష్టమని.

బంగారం గురించి కొంచెమే చెబుతాను. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు చేరిన బంగారం మళ్లీ ఆ ధర చూసింది 2008లో. మధ్యలో 28 ఏళ్లు, అదీ ద్రవ్యోల్బణం లెక్కించకుండా. అది వడ్డీ ఇవ్వదు, లాభం పంచదు. ద్రవ్యోల్బణం పోగా మిగిలే వడ్డీ తక్కువగా ఉన్నప్పుడు, దేశాల మధ్య నమ్మకం సడలినప్పుడు దాని వెలుగు పెరుగుతుంది. 2022లో రష్యా విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక కేంద్ర బ్యాంకుల కొనుగోళ్లు బాగా పెరిగాయి. 2022, 2023, 2024లో ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. మొత్తంలో 5 నుంచి 10 శాతం ఉంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. అన్నీ అమ్మి కొనమన్న సలహాతో మాత్రం ఏకీభవించను, అది మీ 18 ఏళ్లనూ ఒకే ఒక్క ధరకు కట్టేయడమే.

ఇకమీదట ఎవరైనా నిపుణుడి మాట వింటే, ఆయన చెబుతున్నది ఎంత కాలానికో మొదట చూడండి. 2013లో యూజీన్ ఫామా, రాబర్ట్ షిల్లర్, లార్స్ పీటర్ హాన్సెన్ కలిసి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. రేపటి ధరను ఊహించడం దాదాపు అసాధ్యమని ఫామా పరిశోధన చెబుతుంది. లాభాలతో పోలిస్తే ధర బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కొంటే తర్వాతి కొన్నేళ్ల రాబడి సగటున తగ్గుతుందని షిల్లర్ పరిశోధన చెబుతుంది. ఒకరిది కొద్ది రోజుల కాలం, ఇంకొకరిది ఏళ్ల కాలం. షిల్లర్ మాటను వచ్చే నెలకు అన్వయిస్తే దెబ్బతింటారు. తర్వాత, ఆయన అవకాశం ఎంత శాతమో చెప్పారా, ఏం జరిగితే తన అభిప్రాయం మార్చుకుంటారో చెప్పారా అని చూడండి. రెండూ లేకపోతే ఆ మాట నిజమో కాదో తర్వాత తేల్చడానికి కూడా ఆధారం ఉండదు. ఎవరి డబ్బు గురించి మాట్లాడుతున్నారో కూడా పట్టించుకోండి. మూడు నెలలకోసారి ఫలితం చూపించాల్సిన నిధికి సరైన సలహా మీ రిటైర్మెంట్‌కు సరైనది కాకపోవచ్చు.

మొదట చేయాల్సిన పని చదువు డబ్బు వేరు చేయడం. అమ్మేముందు పన్ను ఎంత పడుతుందో, ఫండ్‌లో ఎగ్జిట్ ఛార్జీ ఉందో చూసుకోండి. భారం ఎక్కువైతే కొన్ని నెలల్లో విడతలుగా తీయండి, కానీ మార్కెట్ ఇంకాస్త పెరిగాక అని ఆపకండి. అది అయ్యాక మిగిలిన దాంట్లో షేర్ల భాగం రేపు 35 శాతం పడితే మొత్తం అంకె ఎంతవుతుందో లెక్క వేసి, శాతంగా కాకుండా డబ్బుగా రాసి చూసుకోండి. ఆ అంకె చూస్తే నిద్ర పట్టదనిపిస్తే షేర్ల వాటా ఇప్పుడే తగ్గించుకోండి, మార్కెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడే. ఎంత తగ్గించాలన్న దానికి సూత్రం లేదు. 70 నుంచి 55కి దిగి 18 ఏళ్లు నిలబడే మనిషి, 70 దగ్గర ఉండి మొదటి పతనంలోనే అన్నీ అమ్మేసే మనిషికంటే చాలా ముందుంటాడు. మీ ఫండ్ల పేర్లు అక్కర్లేదు, షేర్ల శాతం, బాండ్ల ఫండ్ డ్యూరేషన్, ఏటా కట్టే ఫీజు, ఈ మూడు అంకెలు రాస్తే ఏది ముందు సర్దాలో చూసి చెబుతాను.